ఆహార విజ్ఞానం చెప్పాలంటే ఏ దారి మేలు? వాట్సాప్, యూట్యూబ్, రీల్స్, రాతల మధ్య పోలిక

పాకాల దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మ ఒక సాయంత్రం వాట్సాప్‌లో నాకొక వీడియో పంపి, దాని కిందనే వాయిస్ మెసేజ్‌లో “అమ్మా, స్టోరు బియ్యంలో ప్లాస్టిక్ కలిపిండారంట, పిల్లోళ్లకు పెట్టొచ్చునా?” అని అడిగింది. ఆ వీడియోలో ఎవరో అన్నాన్ని గట్టిగా ముద్ద కట్టి నేలకేసి కొట్టగా అది బంతిలా పైకి ఎగిరింది. తిరుపతిలో ఆహార శాస్త్రం బోధించే నాకు జవాబు తెలుసు కనుక, అంతకుముందే యూట్యూబ్‌లో పెట్టుకున్న 18 నిమిషాల వీడియో లింకు పంపి నా పని అయిందనుకున్నాను. మూడు రోజుల తరువాత ఊరికి వెళ్లి చూస్తే, ఆమె చాటలో బియ్యం పోసుకుని, కొంచెం పసుపు తిరిగి మసకగా ఉన్న గింజలను ఒక్కొక్కటిగా ఏరి కోళ్లకు వేస్తోంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి తయారుచేసి, రేషన్ బియ్యంలో కలిపిన బలవర్ధక గింజలు సరిగ్గా అవే. లింకు సంగతి అడిగితే, “అంతసేపు ఎవరు చూస్తారమ్మా, డేటా అంతా అయిపోతాది” అంది.

ఆ రాత్రి ఆమె పక్కనే కూర్చుని ఒక నిమిషం పైచిలుకు వాయిస్ మెసేజ్ రికార్డు చేశాను. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారానికి ఒత్తి, మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారని, అందుకే ఆ గింజ రంగు కొంచెం వేరుగా ఉంటుందని, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలవచ్చని, ఉడికిన అన్నంలోని పిండిపదార్థం జిగురుగా మారి మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది కనుక ఏ బియ్యంతో ముద్ద కట్టి కొట్టినా ఎగురుతుందని అందులో చెప్పాను. పడుకునే లోపే ఆమె దాన్ని తమ పొదుపు సంఘం గ్రూపులో వేసింది. విషయం రెండింటిలోనూ ఒక్కటే. ఆమె దాకా వెళ్లగలిగింది మాత్రం రెండోదే. ఆహార విజ్ఞానాన్ని ఫోను ద్వారా జనానికి చేర్చాలనుకునే అధ్యాపకులకు, విద్యార్థులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, చిన్నపాటి ఆహార పరిశ్రమలు నడిపేవారికి ఈ పోలిక ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఎంపిక చేసుకునే ముందు ప్రతి విషయానికీ నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. సందేహం ఏ దారిలో వచ్చింది? జవాబు ఎన్నాళ్లు అందుబాటులో ఉండాలి? అది కళ్లతో చూడవలసిన విషయమా, చెవితో విన్నా సరిపోయేదా? నేను పొరపాటు మాట్లాడితే తరువాత దిద్దుకునే వీలుందా? ఎంతమంది చూస్తారన్న ప్రశ్నను ఈ వరుసలో నేను చేర్చలేదు. చూసినవారి లెక్క పెద్దదైనా, సందేహం పుట్టిన ఇంటికి జవాబు చేరకపోతే ఆ శ్రమకు ఫలం లేదు.

వాట్సాప్: వదంతి నడిచిన దారినే జవాబు

మన జిల్లాల్లో ఆహారం గురించిన భయాలు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతాయి: ప్లాస్టిక్ బియ్యం, రసాయన పాలు, ఇంజెక్షన్ చేసిన పుచ్చకాయ. అవి ఏ దారిన వస్తే జవాబునూ ఆ దారినే పంపడం మంచిది. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు కనుక ఒక పంచాయతీలోని పొదుపు సంఘాల మహిళలందరూ ఒకే చోట దొరుకుతారు. అన్నిటికంటే మించి, పంపిన మనిషి మనకు తెలిసిన మనిషి. పెద్దమ్మ గ్రూపులో నా మాటను నమ్మారంటే అది నా చదువును చూసి కాదు, పంపింది ఆమె కనుక నమ్మారు.

అయితే దీని పరిమితులు తెలిసి వాడాలి. 2018 జూలై నుండి మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడం కుదరదు, 2020 ఏప్రిల్ నుండి చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఈ కట్టడి వదంతికి ఎంత వర్తిస్తుందో మన జవాబుకూ అంతే వర్తిస్తుంది. ఫార్వర్డ్ అయిన సందేశంపై మొదట పంపినవారి పేరు కనిపించదు. అందుకే ప్రతి వాయిస్ మెసేజ్‌ను నా పేరు, ఊరు, చేసే పని, తేదీ చెప్పి మొదలుపెడతాను. ఇది అతిశయంగా తోచినా, ఎవరు చెప్పారో తెలియని సలహాకూ వదంతికీ వినేవారి చెవిలో తేడా ఉండదు.

దిద్దుబాటు విషయంలో వాట్సాప్ అన్నిటికంటే బలహీనమైనది. రాసిన సందేశాన్ని 15 నిమిషాల లోపు మార్చవచ్చు, రెండు రోజుల పైచిలుకు వ్యవధిలో అందరికీ కనిపించకుండా తొలగించవచ్చు. కానీ ఇతరులు ముందే ఫార్వర్డ్ చేసుకున్న ప్రతులు మన చేతికి తిరిగి రావు. కనుక కొలతలు, ఉష్ణోగ్రతలు, మోతాదులు ఉన్న విషయాలను వాయిస్‌లో చెప్పే ముందు కాగితం మీద రాసుకుని చదవాలి. 2023లో వచ్చిన వాట్సాప్ చానెళ్లు ఒక వైపు మాత్రమే మాట్లాడతాయి. అనుసరించేవారి ఫోన్ నంబర్లు బయటపడవు కనుక వందల మందికి క్రమం తప్పకుండా సమాచారం పంపేవారికి అవి అనుకూలమే. నా అభిప్రాయంలో మాత్రం సందేహం తీర్చడానికి గ్రూపే మేలు, ఎందుకంటే అక్కడ ఎదురు ప్రశ్న వస్తుంది. “కడిగితే మందు పోదా?” అని ఒకామె అడిగినప్పుడే, ఎక్కువసార్లు రుద్ది కడగవద్దని, గంజి వార్చకుండా సరిపడా నీళ్లతో ఉడికించమని చెప్పడం నేను మరిచిపోయినట్టు గ్రహించాను.

పొడవైన వీడియో: చేసి చూపించవలసిన పనులకు

చెనక్కాయల బూజు సంగతి తీసుకోండి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నూర్పిడి తరువాత సరిగా ఆరని కాయల్లో పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి కలిసిన దాణా తిన్న టర్కీ కోళ్లు గుంపులుగా చనిపోవడంతో దీని జాడ తెలిసింది, తరువాత ఇది కాలేయ క్యాన్సర్‌కు కారకమని రుజువైంది. మామూలుగా వేయించినంత మాత్రాన ఇది పూర్తిగా నశించదు. అందువల్ల వంటింట్లో చేయగలిగిన అతి ముఖ్యమైన పని గింజలను ఏరడం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పొట్టు కింద బూడిద పచ్చ పొడి కనిపించేవి, పురుగు తొలిచినవి పక్కన పెట్టాలి. ఈ వాక్యాన్ని పదిసార్లు విన్నా చేతికి రాదు. కిటికీ పక్కన తెల్లటి పళ్లెం పెట్టి, రెండు గింజలను వేళ్ల మధ్య పట్టి, పొట్టు వలిచి, లోపలి బద్దల మధ్య సందును దగ్గరగా చూపిస్తే ఒక్కసారికే అర్థమవుతుంది. ఇలాంటి పనికి ఆరు నుండి పది నిమిషాల యూట్యూబ్ వీడియోకు సాటి లేదు. అన్నం ముద్ద ఎందుకు ఎగిరిందో చెప్పడానికి 18 నిమిషాలు తీసుకోవడం నా తప్పు, గింజలు ఏరడం చూపడానికి పది నిమిషాలు తీసుకోవడం తప్పు కాదు.

యూట్యూబ్‌కు ఉన్న రెండో బలం వెతుకులాట. గ్రూపులో పెట్టిన సందేశం వారానికి అడుగున పడిపోతుంది, వీడియో మాత్రం మూడేళ్ల తరువాత కూడా వెతికినవారికి దొరుకుతుంది. ఇక్కడ మన ప్రాంతం వారు తప్పక పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. మనం చెనక్కాయలు అంటాం, కోస్తాలో వేరుశనగ అంటారు, తెలంగాణలో పల్లీలు అంటారు. మనకు బేనీషా, ఇతరులకు బంగినపల్లి. శీర్షికలో ఊరి మాట ఉంచి, వివరణలో మిగతా పేర్లన్నీ రాయకపోతే సగం మంది వెతికినా మన వీడియో వారికి కనిపించదు. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా ఇళ్లలో మాట్లాడతారు కనుక, ముఖ్యమైన మూడు నాలుగు వాక్యాలకైనా ఆ భాషల్లో సబ్‌టైటిల్స్ చేర్చడం వృథా ప్రయాస కాదు.

దిద్దుబాటు ఇక్కడ మధ్యస్థంగా ఉంటుంది. ఒకసారి ఎక్కించిన వీడియోను అదే లింకు కింద కొత్త వీడియోతో మార్చలేం. తప్పున్న ముక్కను కత్తిరించవచ్చు, వివరణలోనూ అన్నిటికంటే పైన నిలిపే వ్యాఖ్యలోనూ సవరణ రాయవచ్చు. పొడవైన వీడియోను భాగాలుగా విడదీసి, ఏ నిమిషంలో ఏముందో వివరణలో సమయాలతో రాస్తే, డేటాకు వెనకాడేవారు తమకు కావలసిన రెండు నిమిషాలే చూసుకుంటారు. ఖర్చు పెట్టగలిగితే ముందు మైకుకు పెట్టండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం సహిస్తారు, మాట వినబడకపోతే ఆ క్షణమే ముందుకు జరిపేస్తారు.

రీల్స్, షార్ట్స్: వేగం ఎంతో, ప్రమాదమూ అంతే

2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్ నిషేధం తరువాత ఆ ఖాళీని ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ నింపాయి. కొత్తవారికి చేరడంలో వీటిని మించినది లేదు, ఎందుకంటే మనల్ని వెతకనివారి ముందు కూడా ఇవి కనిపిస్తాయి. అయితే ఆహార విజ్ఞానంలో ఎక్కువ విషయాలు ‘అయితే’, ‘ఒకవేళ’ అనే మాటల మీద నిలబడి ఉంటాయి, ముప్పై సెకన్లలో మొదట రాలిపోయేవి ఆ మాటలే.

మామిడి కాయల సీజను వచ్చిందంటే ఒక చిట్కా రీల్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది: బకెట్ నీళ్లలో వేసిన పండు తేలితే అది కార్బైడ్ పెట్టి మాగించినదేనట. నిజానికి పండు తేలడం, మునగడం దాని సాంద్రత మీద ఆధారపడి ఉంటాయి. లేతగా కోసిన కాయ తేలే అవకాశం ఎక్కువ, ముదిరిన కాయ మునుగుతుంది. కోతకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వాడే సూత్రమే అది. లేత కాయను కార్బైడ్‌తో రంగు తెప్పించి ఉండవచ్చు, ఏ మందూ లేకుండా గడ్డిలో మాగవేసినదైనా కావచ్చు. అంటే ఆ పరీక్ష కాయ ఎంత ముదిరిందో సూచిస్తుంది గాని కార్బైడ్‌ను పట్టుకోదు. కాల్షియం కార్బైడ్ తేమ తగిలినప్పుడు అసిటిలీన్ వాయువు ఇస్తుందని, దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయని, అందుకే 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దాన్ని నిషేధించాయని, మాగవేసే గదుల్లో 100 పీపీఎం (పది లక్షల వంతులకు 100 వంతులు) వరకు ఇథిలీన్ వాయువు వాడడం మాత్రం అనుమతించబడిందని చెప్పకపోతే, నిబంధన ప్రకారం మాగవేసిన దామలచెరువు వ్యాపారిని కూడా జనం దొంగగా చూస్తారు. ఇంత విషయం రీల్‌లో ఇమడదు.

ఇమడనిదాన్ని ఇమిడ్చబోయి నేనూ దెబ్బ తిన్నాను. చెనక్కాయల బూజు గురించి 40 సెకన్ల రీల్ చేశాను. మొదటి పది సెకన్లలో “ఈ బూజు విషం కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది” అని, తరువాత ఏ గింజలు తీసేయాలో చెప్పాను. ఎవరో ఆ మొదటి పది సెకన్లను మాత్రమే కత్తిరించి పంచారు. నాలుగో రోజు ములకలచెరువు వైపు సేద్యం చేసే మా మామ ఫోను చేసి, “చెనక్కాయలు తింటే క్యాన్సర్ అని చెప్తుండావంట, మేమేం పండించి బతికేది అమ్మాయీ?” అన్నారు. ఆయనకు నేను ఇవ్వగలిగిన సమాధానమేదీ ఆ పది సెకన్లను వెనక్కి తీసుకురాలేదు. అప్పటి నుండి నాకొక నియమం ఏర్పడింది. రీల్‌లో ఏ పది సెకన్లను విడిగా తీసినా అది నిజంగానే, నష్టం చేయనిదిగానే ఉండాలి. అలా చెప్పలేని విషయాన్ని రీల్ చేయను.

ఆ నియమానికి లోబడే విషయాలూ ఉన్నాయి. పసుపులో కల్తీ రంగు కలిసిందేమో గ్లాసు నీళ్లలో వేసి చూపే పరీక్ష, పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టకూడదని చూపడం, ఆవకాయ పైన నూనె తేలేలా ఎందుకు పోయాలో ఒక్క వాక్యంలో చెప్పడం వంటివి: పచ్చడిని ప్రధానంగా కాపాడేవి ఉప్పు, పులుపు, పైన నిలిచిన నూనె గాలిని ఆపి బూజు పట్టకుండా తోడ్పడుతుంది. ఒక విషయం, ఒక చేతి పని, ఒక కారణం ఉంటే రీల్ చేయవచ్చు. పూర్తి వివరం ఉన్న వీడియో చిరునామాను దాని కిందే ఇవ్వాలి.

రాత: తక్కువ మంది చదివినా ఆధారం ఇదే

అంకెలు ఉన్నచోట నేను రాతనే ఎంచుకుంటాను. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో అందులో చాలా చిన్న వంతే. ఇది వాయిస్‌లో విన్నవారు గంటకు మరిచిపోతారు, పట్టికగా చూసినవారు ఫోటో తీసి దాచుకుంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికలు గాని, కేంద్ర ఆహార భద్రతా సంస్థ కల్తీలను ఇంట్లో గుర్తించడానికి విడుదల చేసిన ‘డార్ట్’ పుస్తకం గాని చేతిలో పెట్టుకుని రాస్తే తప్పు దొర్లే అవకాశం తగ్గుతుంది. రాసినదాన్ని ఎప్పుడైనా దిద్ది, ఏ తేదీన ఏమి మార్చామో కింద చెప్పవచ్చు. మిగతా ఏ మాధ్యమానికీ ఈ సౌలభ్యం లేదు. అందుకే నేను ముందు రాస్తాను, ఆ రాత నుండి వీడియోను, వీడియో నుండి వాయిస్‌ను తీస్తాను.

పాడ్‌కాస్ట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చిత్తూరు నుండి తిరుపతికి రోజూ బస్సులో తిరిగే ఉద్యోగులు, విద్యార్థులు వింటారు, వంటింటి సందేహం ఉన్నవారు అక్కడికి రారు. ఫేస్‌బుక్‌ను స్థానిక గ్రూపుల కోసం, ముఖ్యంగా నలభై దాటిన పాఠకుల కోసం ఉంచుకోవచ్చు.

వైన్, పులిసిన పానీయాలు: వేరే జాగ్రత్త

ద్రాక్ష రసంలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా, కార్బన్ డై ఆక్సైడ్‌గా మార్చడం అందమైన విజ్ఞానం, నాసిక్ వంటి చోట్ల అదొక వృత్తి. కానీ మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కనిపిస్తే అది బీరు నుండి విస్కీ దాకా అమ్మే మద్యం దుకాణమే. ‘వైన్ సైన్స్’ అని శీర్షిక పెట్టిన వీడియో ఎవరికి చేరుతుందో, ఎలా అర్థమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఈ విషయానికి నేను రాతను, కొంతవరకు పాడ్‌కాస్ట్‌ను సూచిస్తాను, కుటుంబాలున్న వాట్సాప్ గ్రూపులను, రీల్స్‌ను సూచించను. రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాటను ముప్పై సెకన్లలో ఎత్తుకుంటే, ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చేసిన ప్రకటనను వివరించే చోటు మిగలదు. పైగా మద్యాన్ని ప్రోత్సహించినట్టు కనిపించే ఏ మాటైనా మన ప్రకటనల నిబంధనలకు విరుద్ధమయ్యే ప్రమాదం ఉంది. బడి పిల్లలకు పులియడం గురించి చెప్పాలనుకునేవారు దోసె పిండితో మొదలుపెట్టవచ్చు. అక్కడ ముఖ్యంగా పనిచేసేది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. రాత్రి గిన్నె అంచు దగ్గర గీత గీసి, పొద్దున పిండి ఎంత పొంగిందో చూపే వీడియోకు ఏ అనుమతీ అక్కరలేదు.

ఎవరికి ఏది

అంగన్‌వాడీ, పొదుపు సంఘాలతో పనిచేసేవారు వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టి, నెలకొక యూట్యూబ్ వీడియో చేర్చుకుంటే చాలు. పరిశోధన విద్యార్థులు రాతను, పొడవైన వీడియోను ఎంచుకోవాలి. వారి బలం వివరంలో ఉంది కనుక దాన్ని రీల్ కోసం వదులుకోవద్దు. రాగి లడ్డూలు, పచ్చళ్లు, మామిడి తాండ్ర అమ్మే మహిళలకు రీల్స్ నిజంగా ఉపయోగపడతాయి, కొనేవారికి తయారీ శుభ్రత కళ్లకు కనిపిస్తుంది. అయితే వారు “షుగర్ నయమవుతుంది” వంటి మాట ఒక్కటి కూడా అనకూడదు. 2018 నాటి ప్రకటనల, ప్రచార వాదాల నిబంధనలు ఆహారంతో జబ్బు నయమవుతుందని చెప్పడాన్ని ఒప్పుకోవు. ఆరోగ్య సలహా ఇచ్చేవారు తమ అర్హతను బయటపెట్టాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో స్పష్టం చేసింది. ప్యాకెట్ మీది 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరును రీల్‌లో రెండు సెకన్లు నిలిపి చూపడం అటువంటి వాదాలన్నిటికంటే ఎక్కువ నమ్మకం తెస్తుంది.

రెండు మాధ్యమాలకు మించి ఒకేసారి మొదలుపెట్టవద్దని నా సలహా. ఆ రెంటిలో ఒకటి జవాబు నిలిచి ఉండేది, మరొకటి జవాబును మోసుకుపోయేది కావాలి. మామిడికి సంబంధించిన పని చేయదలచినవారికి కాలం కూడా ముఖ్యం. బంగారుపాళ్యం, దామలచెరువు మార్కెట్లకు కాయ రావడం మొదలయ్యాక కార్బైడ్ భయాలు గ్రూపుల్లో నిండిపోతాయి, అప్పుడు కూర్చుని వీడియో తీస్తే ఆలస్యమైపోతుంది. ఫిబ్రవరిలో రాత పూర్తిచేసి, మార్చిలో తోటలో కాయ చెట్టు మీద ఉండగానే వీడియో తీసుకుని, తేలే కాయ గురించిన ఆ రీల్ ఏప్రిల్‌లో మొదటిసారి మీ గ్రూపులో పడిన రోజే ఒక నిమిషం వాయిస్ మెసేజ్, దాని కింద వీడియో లింకు పెట్టండి.